ఓడ కొలత

పంతొమ్మిది వందల నలభై మూడు చలికాలమంతా జహనుమా బస్తీలో శవపెట్టెలు చేసే యాకోబు ఒక్క పెట్టె కూడా ఒప్పుకోలేదు. ఓడ చేస్తూ కూర్చున్నాడు.

ఎదురుగా ఓడల్లో పనికి పోయిన కొడుకు పంపిన కార్డు. దాని మీద రష్యా యుద్ధనౌక బొమ్మ. "మా ఓడ మునిగింది బాపు. వీళ్లే నన్ను నీళ్లల్లకెల్లి తీసిన్రు" అని వెనక రాసి ఉంది. కార్డు వచ్చిన వారానికే, రష్యా ఓడ కూడా మునిగిందనీ ఎవరూ మిగల్లేదనీ టెలిగ్రాం వచ్చింది.

భార్య నీలమ్మ టెలిగ్రాం అబద్ధమనేది. రోజూ కొడుక్కి కంచం పెట్టేది. వాకిట్లో వాడి దగ్గు వినబడిందని లేచి వెళ్లేది.

యాకోబు బొమ్మలోని ఓడను కొలిచి, అన్నీ అదే లెక్కన పెంచి ఫిరంగులు, పొగగొట్టాలు చెక్కాడు.

"బొమ్మ ఓడ గింత పొడుగెందుకయ్యా?" అంది నీలమ్మ.

ఆమె వంగి ఓడ పైభాగం డెక్కు పట్టుకుంటే, ఫిరంగులతో సహా మూతలా లేచి వచ్చింది. లోపలంతా ఖాళీ. అడుగున తెల్లగుడ్డ పరిచి ఉంది.

పక్కనున్న, ఓడ పొడుగుకు తెంపిన కొలతతాడు తీసుకుని ఆమె గుమ్మం దగ్గరికి నడిచింది. బొంబాయి పోయే రోజు కొడుకును నిలబెట్టి యాకోబు ఉలితో పెట్టిన గీత ఇంకా ఉంది. తాడు సరిగ్గా దాని దాకా వచ్చింది.

"వాడైతే దొరకడు," అన్నాడు యాకోబు తల ఎత్తకుండా. "వాని బట్టలన్న గీ ఓడల పెట్టి సాగనంపుదామనుకున్న."

నీలమ్మ చాలాసేపు గీత మీద చెయ్యి పెట్టి నిలబడింది. తర్వాత తాడు తెచ్చి అతని ఒళ్లో వేసింది.

"గిది పదహారేండ్లప్పటి కొలత. మూడేండ్లల్ల పోరడు పెరగడా? ఇంకో బెత్తెడు పెంచు."