కోడిమెడల ప్యాకెట్

తప్పులుంటే సర్దుకొని చదువుకోండి. మా ఆయన పోయిన తరవాత నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తుల దగ్గర చెయ్యి ఇప్పటికీ ఆగిపోతుంది. ఈ కాస్త కథ రాయడానికే చాలా పొద్దులు పట్టింది.

ఫ్లోరా సంచి బోర్లించింది. గడ్డకట్టిన మాంసం ప్యాకెట్లు దబదబా జడ్సన్ బల్ల మీద పడ్డాయి.

"నీ సరుకు నువ్వే తినన్నా," అంది. "నా ముత్యాన్ని చంపేసినావు."

నెల్లూరు మైపాడు గేటు దగ్గర జడ్సన్‌కు కుక్కల మేత అమ్మే అంగడి ఉంది. పిల్లికి మేత కొనడానికి వచ్చిన ఒకాయన, చేతిలోని డబ్బా మెల్లగా అరలో పెట్టేసి బయటికి నడిచాడు. జడ్సన్ అది చూశాడు.

"కూర్చోండి సిస్టర్. ఏం జరిగింది?"

"ఏం జరిగిందా? కక్కింది. పొట్ట మీద చెయ్యి వెయ్యనీలే. డాక్టరు కోసి చూస్తా ఉండగానే ప్రాణం పోయింది. పేగుకు బొక్క పడిందంట. సముద్రం పక్కన ఇసకలో పూడ్చిపెట్టి, నిన్నంతా ఏడ్చి, ఇప్పుడు మైపాడు నుంచి ఆటోలో వస్తా ఉండా."

జడ్సన్ ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు.

"పెరుగన్నం తిని సుఖంగా ఉన్న కుక్కలు. పచ్చి మాంసం పెట్టండి సిస్టర్, దురద పోతాది, బొచ్చు నిగనిగలాడతాది అంటివి. మొదట కైమా ప్యాకెట్లు ఇస్తివి, సరే, బాగానే తిన్నాయి. పళ్ళు శుభ్రపడతాయని ఈసారి కోడిమెడలు అంటగడితివి. తోడేళ్ళు ఎముకలే నములుతాయని పాఠం చెప్పితివి. గుప్పెడు పొమేరియన్ నీ కంటికి తోడేలు మాదిరి కనిపించిందా?"

"సిస్టర్..."

"చర్చి ఆడోళ్ళ గ్రూపులో పెట్టేస్తా. ఆ తరవాత నీ అంగడి గడప ఎవురు తొక్కుతారో చూస్తా."

"పెట్టండి. తప్పు నాదయితే నేనే మూసేస్తా." జడ్సన్ గొంతు తగ్గించాడు. "మీ రెండోది, పగడం, అది బాగుండాదా?"

ఆ ఒక్క మాటకు ఫ్లోరా కోపం జారిపోయింది. స్టూలు లాక్కొని కూలబడింది.

"రెండూ ఒకే గిన్నెలో తిన్నాయన్నా. ఇది కూడా పోతాదేమోనని కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. నిన్ను తిట్టడానికి కాదు, దాని కోసమే వచ్చినా. ఏం మానాల, ఏం పెట్టాల చెప్పు. దాన్నయినా నాకు మిగల్చు."

చేతిసంచిలోంచి దూది పొట్లం తీసి విప్పింది. "ఇదిగో. డాక్టరు తీసి ఇచ్చినాడు. నీ కోడిమెడ ఎముక."

జడ్సన్ దాన్ని వెలుగు వైపు తిప్పి చూశాడు. గోరంత ముక్క. కొన సూదిలా ఉంది. ఆమె తెచ్చిన ప్యాకెట్లలో కరుగుతున్నదొకటి చించి, ఒక మెడ బయటికి లాగి, వేళ్ళ మధ్య ఎముకను నొక్కాడు. అది చీలలేదు. మెత్తగా వంగి నలిగిపోయింది.

"పచ్చిది ఇట్లా ఉంటాది సిస్టర్. మీరు తెచ్చింది పొయ్యి ఎక్కిన ఎముక. ఉడికితే గట్టిపడి పుల్లల మాదిరి చీలతాది. వండొద్దు, వండొద్దని మొత్తుకునింది అందుకే గదా!"

"మా ఇంట్లో వండేదెవురు? ప్యాకెట్ విప్పేది, గిన్నెలో వేసేది నేనే."

"మధ్యాన్నం కూడానా? మీరు బ్యాంకులో ఉంటారు గదా?"

మధ్యాహ్నం పెట్టేది అత్త రెబెక్కమ్మ. ఆ కుక్కలంటే ఆమెకు ప్రాణం. ముత్యాన్ని పూడ్చేటప్పుడు ఇసకలో మోకరించి ప్రార్థన చేసింది కూడా ఆమే.

ఫ్లోరా ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"అత్తా, ఒక మాట అడుగుతా, దాచబాకండి. కోడిమెడలు ఉడకబెట్టి పెడతా ఉండారా?"

ఫోన్‌లో సముద్రపు గాలి గరగరమంది.

"నీకెవురు చెప్పినారు?"

"ముందు చెప్పండత్తా."

"కోపం చేసుకోబాకమ్మా. నువ్వు బ్యాంకుకు పోయినాక రోంత పసుపేసి ఉడికిస్తా. మొదట్నుంచీ అంతే. నెత్తురు మాంసం మన ఇంట్లో ఎవురన్నా తిన్నారా? ప్రభువును నమ్ముకున్న ఇల్లిది. మనం ముట్టనిది నోరులేని జీవానికి ఎట్లా పెడతాం? పాపం కాదా?"

జడ్సన్ కళ్ళు మూసుకొని కుర్చీలో వెనక్కి వాలాడు. అతని అంగడి నిలబడింది.

ఫ్లోరాకు గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు. ముత్యం ఎందుకు పోయిందో అత్తకు ఇంకా చెప్పలేదు; తెలిస్తే ఆ ముసలి ప్రాణం తట్టుకోలేదు. ఆ మాట ఎప్పటికీ చెప్పకూడదని అక్కడే అనుకుంది. దూది పొట్లం మడిచి జడ్సన్ చేతిలో పెట్టి, పారెయ్యమని సైగ చేసింది.

"కోపమేం లేదులే అత్తా," అంది, వీలయినంత మామూలుగా. "ఇంకమీదట మాత్రం..."

"ఆ మాట చాలు తల్లీ!" రెబెక్కమ్మ గొంతులో భారం దిగిపోయింది. "చెబితే తిడతావని దడుచుకుంటా ఉండా. పగడం దిగులు పెట్టుకొని నిన్నటి నుంచి మెతుకు ముట్టలే గదా. నువ్వు అన్నీ ఎత్తుకుపోయినా, ఫ్రిజ్ కింద అరలో కోడిమెడలు ఒక ప్యాకెట్ మిగిలింది. ఇప్పుడే ఉడకబెట్టి, ఒళ్ళో కూర్చోబెట్టుకొని తినిపించినా. ఒక్క ఎముక కూడా మిగల్చలేదమ్మా."

— కామాక్షమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు బుచ్చిరెడ్డిపాలెంలో మా చెల్లెలి దగ్గర ఉంటున్నాను.