స్విచ్చి ఎత్తు

ఆ శుక్రవారం నా భార్య వెంగమ్మ గడపకు పసుపు రాసి, బొట్టు పెట్టి, అదే తడిచేత్తో స్విచ్చికీ బొట్టు పెట్టబోయింది. మా ఈ పాతకాలపు ఇంట్లో కరెంటు దీపం వెలిగిన నాటి నుంచీ అది ఆమె అలవాటు. వెలుగిచ్చేదానికి మొక్కాలి గదా అనేది. వానకు గోడ చెమ్మగిల్లింది. లోపలి వైరును ఎలుకలు కొరికాయి. స్విచ్చి మూత ఇత్తడిది. నేను పెరట్లోంచి వచ్చేసరికి ఆమెలో ప్రాణం లేదు.

పెద్దకర్మ అయ్యాక పాత వైరింగంతా పీకేసి, నేనే కొత్తది వేశాను. కాలేజీలో చదివిన ఫిజిక్సు అందుకు సరిపోయింది. కొత్త పింగాణి స్విచ్చిని మాత్రం పాత చోటే బిగించాను. వెంగమ్మ చెయ్యి అందే ఎత్తు అది. పక్కన గోడ మీద ఆమె వేళ్ల పసుపు మరక ఉంది. దానికి సున్నం తగలనివ్వలేదు.

ఇవాళ ఉదయగిరి నుంచి మా మామ సుందరయ్య ఆత్మకూరు వచ్చారు. స్విచ్చి పదేపదే వేసి, తీసి చూశారు.

"ఈ పనేదో ముందే చేసుంటే నా పెద్దబిడ్డ బతికుండేది గదా అబ్బయా."

ఆయన పింగాణి మూతను వేలితో తట్టారు.

"ఇంక షాకు కొట్టదు గదా?"

"కొట్టదు మామా."

"అయితే సరే. వైరింగు మారిస్తేనే చిన్నదాన్ని ఇస్తానన్నా, మార్చినావు. వచ్చే నెల్లోనే ముహూర్తం పెట్టిస్తా." మళ్లీ గోడ వైపు చూశారు. "ఇంత ఎత్తునేంది? చిన్నది పొట్టిది, దానికి అందదు. ఆ మరక కూడా కనపడకూడదు."

సున్నం నానబెట్టాను. రేపు పొద్దున స్విచ్చిని జానెడు కిందికి దించుతాను.