ప్రాక్టీసుకు వచ్చిన రిఫరీ

ఈల మోగింది.

"స్టెప్స్," అన్నాడు రిఫరీ. బంతి ఎదుటి పక్షానికి ఇమ్మని చెయ్యి చూపించాడు.

బాణం నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆ అమ్మాయిని అందరూ అలాగే పిలుస్తారు. ఎంత దూరం నుంచి వేసినా ఆమె గురి తప్పడం అరుదు.

"మళ్లీనా?" అంది కెప్టెన్.

"బంతి నేలకు కొట్టకముందే ఆనించి ఉంచాల్సిన పాదం లేచిందమ్మా. లేచినప్పుడల్లా ఊదాలి."

"ఇది ప్రాక్టీసే కదండీ."

"ఆ సంగతి కాలికి తెలియదు కదమ్మా."

సీజను దగ్గరపడింది. నిరుడు జట్టు మొదటి రౌండులోనే ఇంటిముఖం పట్టింది. ఈసారీ అంతే అయితే కోర్టు తీసేసి బండ్లకు షెడ్డు వేయిస్తానని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పేశారు. జట్టు ఆశలన్నీ బాణం మీదే ఉన్నాయి.

ఈ రిఫరీ ఎవరో కోచ్‌కు తెలియదు. ఒక సాయంత్రం మెడలో ఈలతో వచ్చి, "ప్రాక్టీసు మ్యాచ్‌లకు నేను ఊదిపెడతానండి, నాకేమీ ఇవ్వక్కర్లేదు," అన్నాడు. అడగకుండా వచ్చిన మనిషిని ఎందుకు వచ్చావని అడగాలని కోచ్‌కు తోచలేదు. కనీసం పేరైనా కనుక్కోలేదు. అమ్మాయిలే ఆయనకు 'ఈల మాస్టారు' అని పేరు పెట్టారు.

విరామంలో కెప్టెన్ నీళ్ల సీసా మూత తిప్పుతూ అంది.

"పాపం, ఇంట్లో ఆయన మాట ఎవరూ వినరనుకుంటానే. ఆ ఊపిరంతా ఇక్కడికొచ్చి ఊదేస్తున్నాడు."

అందరూ పగలబడి నవ్వారు. బాణం కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

"అయినా ఊదేది నీ మీదే కదా. ఒక్కసారైనా ఎదురు చెప్పవేంటే?"

"ఏం చెప్తాం. వదిలెయ్."

కోచ్ అసలు ఉద్యోగం ఫిజిక్స్ పాఠం చెప్పడం. నచ్చని కొలత వచ్చిందని కొలిచే పరికరాన్ని అవతల పడేయకూడదని ఏటా కొత్త విద్యార్థులకు చెబుతాడు. మాస్టారు ఊదిన ప్రతిసారీ బాణం పాదం నిజంగానే లేవడం అతను కళ్లారా చూస్తూనే ఉన్నాడు.

"ఈయన్ని మాన్పించండి సార్," అంది కెప్టెన్. "సీజను ముందు దీని ధైర్యం కాస్తా పోతోంది. కావాలంటే మా అన్నయ్య వచ్చి ఊదుతాడు."

కోచ్ బాణం వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

ఆమె షూ లేసు విప్పి మళ్లీ కట్టుకుంది. "మీ ఇష్టం సార్."

"నా ఇష్టం కాదు. ఆయన ఉండాలా, వద్దా?"

"వద్దులెండి."

మర్నాడు కోచ్ ఆయన్ని గేటు దగ్గరే ఆపాడు.

"మరేం అనుకోకండి మాస్టారూ. పిల్లలు కాస్త ఇబ్బంది పడుతున్నారు. ఇవాళ్టి నుంచి వేరే అబ్బాయి వస్తాడు."

"పిల్లలే అడిగారా?"

"అవునండీ. అందరూ."

"అందరూనా?"

"బాణంతో సహా."

ఆయన మెడలోంచి ఈల తీసి, తాడును వేళ్లకు చుట్టుకుని, జేబులో పెట్టుకున్నాడు.

"మ్యాచ్‌కి ఇంకా టైముందండి. ఆ పాదం ఒక్కటి మాత్రం చూడండి," అని వెనుదిరిగాడు.

కెప్టెన్ అన్నయ్య మంచివాడు. చెల్లెలి స్నేహితురాళ్ల మీద ఊదడానికి అతనికి మొహమాటం. బాణం వేసిన బంతులు వరసగా బాస్కెట్‌లో పడ్డాయి. కోచ్ ఆ పాదాన్ని చూడటం మానేసి, పాయింట్లు మాత్రం చూసుకున్నాడు.

"ఈసారి సెమీఫైనల్ ఖాయమండి," అని ప్రిన్సిపాల్‌కు మాట కూడా ఇచ్చాడు.

మొదటి మ్యాచ్‌లో ఈల మోగింది. మళ్లీ మోగింది. బాణం చేతికి బంతి వచ్చినప్పుడల్లా గ్యాలరీలో ఎవరో ముందుగానే 'స్టెప్స్' అని అరవసాగారు. ఆఖరి క్షణంలో ఆమె వేసిన బంతి బాస్కెట్‌లో పడింది గాని, అప్పటికే ఈల మోగిపోయింది.

జట్టు ఒక్క బాస్కెట్ తేడాతో ఓడింది.

కోచ్ విసవిసా మ్యాచ్ రిఫరీ దగ్గరకు వెళ్లాడు. ఆవిడ తువ్వాలుతో నుదుటి చెమట తుడుచుకుంటోంది.

"మా అమ్మాయి మీద కక్షగట్టినట్టు ఊదారండీ."

"పాదం లేస్తే ఊదకుండా ఎలాగండీ? ఇంత కాలం ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదా?"

కోచ్ గొంతు తగ్గింది.

"చెప్పారు. ఒకాయన ప్రాక్టీసుకు వచ్చి ఊదేవారు. మేమే వద్దన్నాం."

"ఎవరాయన?"

"పేరు తెలియదండి. సన్నగా, తెల్ల మీసాలతో ఉంటారు. ఈల ఎడమ చేత్తో పట్టుకుంటారు."

ఆవిడ తువ్వాలు దించింది.

"ఆయన్ని వద్దన్నారా? మాకందరికీ ఈల పట్టడం నేర్పింది ఆయనేనండీ. ఈ టోర్నమెంటు ఫైనల్ ఏటా ఆయనే చేస్తారు. ఈ ఏడాదే మొత్తం టోర్నమెంటు నుంచి తప్పుకున్నారు."

"అయ్యో. ఒంట్లో బాగోలేదా?"

"ఒంటికేం, బాగానే ఉన్నారు. సొంత కూతురు ఆడుతుంటే తండ్రి ఈల పట్టకూడదు కదండీ," అంటూ ఆవిడ, బెంచి చివర ముఖానికి తువ్వాలు కప్పుకుని కూర్చున్న బాణం వైపు చూసింది.