మా చెరకులోకి దిగిన మొన

నాన్న ఫోన్‌ను చెయ్యంత దూరం పెట్టి చూశాడు. తర్వాత ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"రాజలింగు పొలం మొన మన చెరకులోకి ఎందుకొచ్చిందిరా?"

ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం ఊడి, బోధన్ అవతల మా ఊరికి తిరిగొచ్చిన నాకు దొరికిన మొదటి పని అది. మా ఊరి చెరకు రైతులు కలిసి బెల్లం అమ్ముకోవడానికి వెబ్‌సైట్ పెట్టుకుంటున్నారు. అందులో పొలాల పటం గీసే బాధ్యత నాది. పటంలో పొలం మీద వేలు పెడితే అది ఎవరి చెరకో చెబుతుంది. ఫోన్ పట్టుకుని గట్లన్నీ తిరిగి, ప్రతి హద్దురాయి దగ్గరా ఆగి, గుర్తులు పెట్టుకుని మరీ గీశాను. ఊళ్లో కొందరు నన్ను "ఇంజనీరు గారూ" అని పిలవడం మొదలుపెట్టారు. వెటకారమని తెలిసినా వినడానికి బాగానే ఉండేది.

పటం చూసి రైతులందరూ సరేనంటేనే ఆ పని నాకు నిలుస్తుంది. అందరూ అన్నారు. మిగిలింది ఇద్దరే. ఒకరు మా నాన్న పున్నయ్య, ఇంకొకరు పక్క పొలం రాజలింగు కాక.

"అది మొన కాదు నాన్నా, మైటర్," అన్నాను గొంతు సవరించుకుని. "రెండు గీతలు కలిసేచోట మూల ఎలా ఉండాలో మనమే చెప్పాలి. మైటర్ అంటే మొనదేలి ఉంటుంది. రౌండ్ అంటే గుండ్రంగా. బెవెల్ అంటే మొన నరికేసినట్టు. కాక పొలం ఆ కొసన మరీ సన్నం, నేను గీసిన గీతేమో లావు. అందుకని మొన హద్దురాయి దాటి ముందుకు పొడుచుకొచ్చింది. అది ఎంతదూరం రావచ్చో చెప్పే అంకె కూడా ఒకటుంటుంది. దాన్ని కాస్త పెంచాను."

"ఎందుకు పెంచావు?"

"చూడ్డానికి బాగుందని."

నిజానికి అంతకుముందు రోజే నేర్చుకున్న విద్య అది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు.

నాన్న మొహం కందగడ్డయింది. "ఇలా గీయమని నీకెవడు చెప్పాడ్రా?"

"యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాను."

"తీసెయ్. ఇది రాజలింగు కంటబడిందంటే నువ్వు నా ఇంట్లో ఉండవు!"

నాన్న నా పనిని అంత శ్రద్ధగా తిట్టడం అదే మొదటిసారి. భయంతోపాటు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. వెంటనే మైటర్ తీసి రౌండ్ పెట్టాను. మూల గుండ్రంగా తయారైంది.

పాత బొమ్మను పొద్దున్నే కాకకు వాట్సాప్‌లో పంపేశానని మాత్రం నాన్నకు చెప్పలేదు. అంత ధైర్యం ఉంటే హైదరాబాదులోనే పనికొచ్చేవాణ్ణి.

పరుగున కాక ఇంటికి వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని నా బొమ్మే చూస్తున్నాడు. కాక భార్య సత్తవ్వ చిన్నమ్మ అడక్కుండానే చాయ్ తెచ్చింది.

"కాకా, తప్పయింది. మీ మొన మా పొలంలోకి వచ్చేసింది. ఇదిగో, గుండ్రంగా మార్చేశాను."

కాక కొత్త బొమ్మ వైపు చూడనే లేదు. పాతదాని మీద వేలుపెట్టి మెల్లగా ఆ మొన చివరిదాకా జరిపాడు.

"గిట్ల గియ్యమని ఎవలు జెప్పిండ్రు బిడ్డా నీకు?"

"యూట్యూబ్ కాకా."

కాక నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"సక్కగ గీసినవ్. గది చెరపకు."

"నాన్న తిట్టాడు కాకా."

"తిడ్తడు తియ్యి. నువ్వు ఆయిన్ని ఏమనకు."

నా డిజైన్ చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న మొదటి మనిషి! హైదరాబాదు ఆఫీసులో ఏ ఒక్కరికీ లేని కళాదృష్టి మా పక్క పొలంలోనే ఉంటే, ఇన్నాళ్లూ ఎక్కడెక్కడో తిరిగాను. చిన్నమ్మ ఇచ్చిన మక్కకంకులు పట్టుకుని గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

ఆ ఊపులో అన్నం దగ్గర నాన్నతో అంతా చెప్పేశాను. "కాకకు మొనే నచ్చింది నాన్నా. చెరపొద్దన్నాడు."

ఇంట్లోంచి గెంటేస్తాడనుకున్నాను. నాన్న అరవలేదు.

"ఇంకేమన్నాడు?"

"నిన్నేమీ అనొద్దన్నాడు."

నాన్న కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచిపోయాడు. అమ్మ నా వైపు కొరకొరా చూసి, "నీ గీతలు తగలెయ్య," అంది.

ఇద్దరు కస్టమర్లకు రెండు రుచులుంటే మధ్యేమార్గం కనిపెట్టేవాడే డిజైనర్. బెవెల్ పెట్టాను. మొనా కాదు, గుండ్రమూ కాదు. కర్ర విరగకుండా పాము చచ్చినట్టయిందని నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే పొలానికి వెళ్లేసరికి నాన్న, కాక ఇద్దరూ హద్దు దగ్గరే ఉన్నారు. నాన్న చేతిలో గడ్డపార ఉంది. నా అందాల మొన కోసం ఇద్దరు పెద్దమనుషులు తలలు పగలగొట్టుకుంటారని చెరకు ఆకులు కోసుకుపోతున్నా లెక్కచేయకుండా పరుగెత్తి, ఇద్దరి మధ్యా దూరి ఫోన్ పైకెత్తాను.

"ఆగండి! బెవెల్ పెట్టేశాను! ఇక గొడవ లేదు!"

కాక తల పక్కకు తిప్పుకున్నాడు.

"అదెవడిక్కావాలి, నిన్నటి మొన మళ్లీ పెట్టి అదెక్కడ ఆగిందో చూపించరా," అన్నాడు నాన్న, హద్దురాయి కిందికి గడ్డపార దించుతూ, "నువ్వు పుట్టిన ఏడు నేనీ రాయిని పీకి ఇక్కడికి తెచ్చింది అక్కణ్ణుంచే."