సముద్రం చూసినంక

"నేను ఆపరేషన్‌కు రాను," అంది సైదమ్మ, ఇసుకలో చతికిలబడి.

భద్రమ్మ చేతిలోని సంచి కింద పడేసింది. "ఏంది? మళ్లొకసారి అను."

"రానంటున్న."

"సముద్రం చూపెడితే వస్తనంటివి గదనే! జూలూరుపాడుల బస్సెక్కిచ్చి, ఖమ్మంల రైలెక్కిచ్చి, ఆటో కుదుపులకు నా నడుములు ఇరగంగ గీ సూర్యలంక దాకా ఎందుకు తెచ్చిన? అగో సముద్రం. చూసినవ్ గద!"

"చూసిన అక్కా. మనసు నిండింది. ఇగ నేను గిట్లనే పోత."

సైదమ్మ రొమ్ములో గడ్డ ఉంది. ఆలస్యం చేయకుండా తీసేస్తే బతుకుతుందని ఖమ్మంలో డాక్టరు చెప్పాడు. సోమవారం దవాఖానాలో చేరాలి. ఎంత బతిమాలినా వినని మనిషి, ఆఖరికి ఒక్కసారి సముద్రం చూపిస్తే వస్తానంది. మిరప కోతలు అయిపోయాయి కదా అని భద్రమ్మ రెండు చీరలు సంచిలో కుక్కి బయలుదేరదీసింది. తీరా వచ్చాక, పొద్దుటి నుంచీ సైదమ్మ నీళ్ల దగ్గరికి కూడా పోలేదు. ఎండలో దూరంగా కూర్చుని చూస్తూనే ఉంది.

"కోసి పారేసినంక నేను మనిషి లెక్క ఉంటనా?"

"సైదమ్మ లెక్కనే ఉంటవ్. ఇంకెవరి లెక్క ఉంటవ్?"

"నీకేం అక్కా. మంచిగున్నవ్. ఎన్నైనా చెప్తవ్."

ఆ మాటకు భద్రమ్మ ముఖం చిన్నబోయింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్ల వైపు నడిచింది.

"యాడికి?"

"కాళ్లు కడుక్కొస్త. నీతోటి మాట్లాడుడు దండుగ."

భద్రాచలంలో గోదావరి రేవులోకి దిగినట్టే దిగింది. కానీ ఇక్కడ నీళ్లు ముందుకు వచ్చి ఊరుకోవు, వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకనూ లాక్కుపోతాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఒక అల మోకాళ్లను తాకింది. అది వెనక్కి లాగేసరికి తూలింది. నిలదొక్కుకునేలోపే ఇంకో అల మీద పడింది. నురగలో ఆమె ఎర్రచీర ఒక్కసారి కనబడి మాయమైంది.

"అక్కా!"

సైదమ్మ లేచి పరుగెత్తింది. నడుము లోతుకు దిగి, చేతికి అందిన జుట్టూ కొంగూ కలిపి పట్టుకుని లాగింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు తడి ఇసుకలో పడ్డారు. భద్రమ్మ ఉప్పునీళ్లు కక్కుతుంటే సైదమ్మ వీపు నిమిరింది. దగ్గు ఆగిందని తెలియగానే అదే వీపు మీద ఒక్కటి చరిచింది.

"నీకు బుద్ధుందా? సచ్చిపోతే?"

"సస్తే సస్త. నీకేంది?"

"నాకేందా? నువ్వు పోతే ఆ ఇంట్ల నేనెవరితోటి కొట్లాడాలె? చాయ్‌ల చక్కెర ఎక్కువేసినవని పొద్దుగాల ఎవల్ని తిట్టాలె?"

భద్రమ్మ ముఖం మీది ఇసుక తుడుచుకుంది. సైదమ్మ కళ్లలోకి చూసింది.

"మరి నువ్వు పోతే నేనెవరితోటి కొట్లాడాలె?"

అల ఒకటి వచ్చి ఇద్దరి కాళ్లనూ తడిపి పోయింది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

"మన పద్మప్రియ కాన్పుకు ఇంటికొస్తది," అంది భద్రమ్మ మెల్లగా. "ఇద్దరమ్మలు ఉన్నరు, నాకేం భయమని అందరితోటి చెప్పుకుంటుందట పిల్ల. ఒక్కదాన్ని నాతోటి కాదే."

సైదమ్మ తడిసిన కొంగు పిండుకుంది.

"బాగ నొప్పి అయితదా?"

"అయితది. నా చెయ్యి పట్టుకో. ఇరగ్గొట్టు, ఏమనను."

"సోమారమే గద?"

"అవ్."

"మంచిది," అని సైదమ్మ తడిచేత్తో ముక్కు తుడుచుకుంది. "ఇగ లే. ఎట్లాగూ తడిసినం. మంచిగ తానం చేద్దాం."

ఆ సాయంత్రం వాళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని అలల్లో కూర్చున్నారు. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లల్లా అరిచారు. పొద్దుపోయాక లాడ్జి గదిలో ఒకరి తలలో ఇసుక ఒకరు దులుపుకుంటూ, ఎవరు ఎక్కువ అరిచారని మళ్లీ కొట్లాడుకున్నారు.

మర్నాడు రైలుకు బయలుదేరే ముందు సముద్రాన్ని ఇంకోసారి చూసి, ఒడ్డున చేపల వేపుడు బండి దగ్గర ఆగారు. బండి ఆవిడ వేడివేడి ముక్కలు ప్లేటులో పెట్టి ఇస్తూ వాళ్లను గుర్తుపట్టింది.

"నిన్న మీరు నీళ్లలో పడిపోయినప్పుడు నేనిక్కడే ఉన్నానండీ. ఆవిడ పరుగెత్తుకొచ్చిన తీరు చూసి నాకు ఏడుపొచ్చేసింది."

భద్రమ్మ నవ్వుతూ ముల్లు తీసిన చేపముక్కను సైదమ్మ వైపు జరిపింది.

"నాకూ ఉందండీ ఒక అక్క," అంది బండి ఆవిడ. "రెండిళ్ల మధ్య గోడ కాడ తగాదా వచ్చి మాటలు మానేశాం. తోబుట్టువులంటే మీలా ఉండాలి. ఒక్క తల్లి కడుపున పుట్టారు, ఆ ప్రేమ ఎక్కడికి పోద్ది?"

"ఇది నా తోబుట్టువు కాదు బిడ్డా," అంది భద్రమ్మ, సైదమ్మ తల మీద జారిన కొంగు సర్దుతూ. "మా ఆయన నా మీద తెచ్చిన సవతి."