గాడిద దుఃఖం

పరామర్శకు వచ్చినవాళ్ళు ముందు గాడిద దగ్గరికే పోతున్నారు. ఆ తర్వాతే భాగీరథి దగ్గరికి.

సదానందం పోయి అది ఐదో రోజు. మగ్గాల పని మానేసి, వలస వచ్చిన ఊరు కోసాడ్‌లో లేచే కొత్త ఇళ్ళకు పదేళ్ళుగా ఆ గాడిద మీదే ఇసుక తోలిన మనిషి. ఇప్పుడది మేత ముట్టడం లేదు. కిటికీ బయట తల వేలాడేసుకుని, కదలకుండా నిలబడింది.

భాగీరథి లోపల మూలకు కూర్చుంది. భర్త పోయిన మనిషిని మూలకు కూర్చోబెట్టాక పదకొండో రోజు దాకా గడప దాటకూడదు. బయటి మాటలన్నీ కిటికీలోంచి వినిపిస్తూనే ఉన్నాయి.

"నోరులేని జీవమే గింత దుక్కపడుతున్నది. కట్టుకున్నది మాత్రం పూటపూటకు తింటనే ఉన్నది," అంటోంది పక్కింటి వెంకటవ్వ.

పూటపూటకూ కంచం తెచ్చి, బతిమాలి తినిపించింది వెంకటవ్వే.

భాగీరథికి కడుపు రగిలిపోయింది. ఆయన ఉన్నప్పుడూ ఇంతే. ఇల్లు చేరగానే దాని మెడ నిమిరి, ఆ తర్వాతే భార్యను మంచినీళ్ళు అడిగేవాడు. గడ్డి వేయడం, లద్దె ఎత్తడం ఆమె వంతు. మురిపెమంతా దాని వంతు. చివరికి ఆయన కోసం కుమిలిపోయిన పేరు కూడా దానికే దక్కింది.

కొడుకు కమలాకర్ డాక్టరుకు ఫోన్ చేస్తుంటే ఊరుకోలేకపోయింది.

"ఏందిరా, గాడిదకు గూడ డాక్టరా? నిరుడు నాకు జరమొస్తె షాపుల గోలీతోనే సరిపెడితిరి."

డాక్టరు వచ్చాడు. చిగుళ్ళు చూశాడు, ఎండిపోయిన లద్దె చూశాడు, హిందీలో అందరినీ కసిరాడు. గాడిద నొప్పిని బయటపెట్టదట. మేత మానేసి ఊరికే నిలబడిందంటే అప్పటికే ప్రాణం మీదికి వచ్చినట్టట. ఒంట్లో కొవ్వు రక్తంలోకి దిగుతుందట, ఒక్క పూట కూడా ఆగకూడదట. సెలైన్ ఎక్కిస్తూ, తోడు దూరమైతే గాడిదలు ఇలాగే చేస్తాయని, ఆ తోడు కనబడకపోతే మందుతో మాత్రమే బతికించలేనని చెప్పాడు.

"తోడంటే మా బాపే సాబ్. పోయిండు," అన్నాడు కమలాకర్.

ఆడవాళ్ళు ముక్కులు చీదారు. భాగీరథి గోడ వైపు తిరిగింది.

ఎప్పుడు పోయాడని డాక్టరు అడిగాడు. ఐదు రోజులన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అన్ని రోజులు తినకుండా ఉంటే ఈపాటికి నేల మీద పడి ఉండేదన్నాడు. ఇది మేత మానేసి రెండు రోజులే, బాగా గుర్తు చేసుకోమన్నాడు.

కమలాకర్ ఆలోచించాడు. "నిజమే. బాపును సాగదోలిన నాడు గూడ తిన్నది. మొన్నటి సందే బంద్ వెట్టింది."

అయితే మొన్నటి నుంచి దాని కంటికి కనబడనిది ఎవరో చూడండన్నాడు డాక్టరు.

మూడో రోజు కార్యం ముగించి తనను మూలకు కూర్చోబెట్టింది మొన్ననే అని గుర్తొచ్చి, భాగీరథి లేచి గడప దాటింది.