రెండు చిగుళ్ళు

“ఇంకొంచెం పెద్దగా తెరవండి మాస్టారూ,” అంది పళ్ళ డాక్టరమ్మ.

సైన్సు మాస్టారు నోరు తెరిచారు. చూడనిదీ, కొలిచి తేల్చనిదీ నమ్మవద్దని ఒకప్పుడు ఈమెకు పాఠం చెప్పింది ఆయనే. ఇప్పుడామె సన్నని కొలతపుల్లతో ఆయన చిగుళ్ళనే కొలుస్తోంది.

ఆయన కింది దవడలో అటొకటి, ఇటొకటి ఇంప్లాంట్లు ఉన్నాయి. ఎముకలో దిగిన మరమేకుకూ పైనున్న కట్టుడు పంటికీ నడుమ బిగించే దిమ్మను అబట్‌మెంట్ అంటారు. కుడివైపుది అద్దంలా నునుపు. ఎడమవైపుది కావాలనే గరుకుగా ఉంచారు. గరుకుదాని చుట్టూ చిగురు ఎక్కువగా వాస్తుందా అన్నదే ఆమె పరిశోధన. ఆయన ఇష్టపడి చేరారు.

“విచిత్రం! రెండు చిగుళ్ళూ కవలపిల్లల్లా ఉన్నాయి. మిగతావాళ్ళ లెక్కలు అటూ ఇటూ ఊగుతున్నాయి. మీ నోరే తేల్చేసింది మాస్టారూ. ఇక అందరికీ చవకలో వచ్చే గరుకువే బిగించొచ్చు.” ఆమె నవ్వింది. “మీరు చెప్పింది చెప్పినట్టు చేశారుగా? అడగడమెందుకులెండి, మిమ్మల్ని కళ్ళు మూసుకుని నమ్ముతాను.”

మాస్టారి చెవులు వేడెక్కాయి. పక్క కుర్చీలో ఉన్న భార్య గొంతు సవరించుకుంది.

“పొద్దున్నే స్నానాలగదిలో గడియ వేసుకుని అంతసేపు ఏం చేసేవారో అడుగమ్మా!”

“నువ్వు ఊరుకోవే.”

“ఎందుకూరుకోవాలి? ఊరందరికీ నిజం చెప్పమని నూరిపోసిన నోరు కదా!”

ఆయన కుర్చీలో లేచి కూర్చున్నారు. తను మౌనంగా లేచి వెళ్ళిపోతే, ముక్కూమొహం తెలియనివాళ్ళ దవడల్లో ఆ గరుకు దిమ్మలు దిగుతాయి. వాళ్ళ చిగుళ్ళు వాచినా, రక్తం కారినా తన పేరు ఎవరికీ తెలియదు. తనకు తెలుస్తుంది.

“మాట తప్పానమ్మా,” అన్నారు నేలచూపులు చూస్తూ. “వియ్యంకులు వచ్చి ఇంట్లో దిగారు. ఆ పూట తప్పాను. ఒకసారి తప్పాక ఇక రోజూ అదే దారి.”

కొలతపుల్ల పళ్ళెంలో ఖంగుమంది.

“మీరా మాస్టారూ?”

ఆయన తల ఇంకా దిగిపోయింది. డాక్టరమ్మ ముఖంలో నవ్వు లేదు.

“ఏం తప్పారో స్పష్టంగా చెప్పండి. నేను రాసుకోవాలి.”

“పరీక్ష ముగిసేదాకా పళ్ళు తోమవద్దన్నావు, నేను రోజూ తోముకున్నాను.”